సీలు కచేరీలో ఉంది

మా ఊరి గుర్తింపు కార్డులన్నీ పట్టుకుపోయింది ఒక మంగళవారం సాయంత్రం. నేను సీమపనసకాయ కూరకి తాలింపు వేస్తున్నాను. అత్తగారు వసారాలో కూర్చుని తమలపాకుకి సున్నం రాసుకుంటోంది. మా ఆయన కరుణసేన అప్పుడే సైకిలు దిగి కాళ్ళు కడుక్కుంటున్నారు. పెరటివైపు నుంచి ముగ్గురు కుర్రాళ్ళు వచ్చారు. ముఖాలకి గుడ్డలు కట్టుకున్నారు. ఒకడి చేతిలో గోనెసంచి, ఒకడి చేతిలో తుపాకీ, మూడోవాడి చేతిలో నోటుబుక్కు. తుపాకీవాడిని చూస్తే అంత భయం వెయ్యలేదు గానీ, ఆ నోటుబుక్కువాడిని చూడగానే ఎవరి పేరు రాసుకుంటాడోనని భయమేసింది.

"కార్డులు తెండి," అన్నాడు వాడు. "ఇంట్లో ఉన్నవన్నీ."

అత్తగారు కళ్ళు చికిలించి చూసింది. "ఎవర్రా నువ్వు? ముఖానికా గుడ్డేంటి? పన్ను నొప్పా?"

నా పై ప్రాణాలు పైనే పోయాయి. వాడు మాత్రం కోపం తెచ్చుకోలేదు, సొంత అవ్వని పిలిచినట్టు పిలిచాడు. "ఆచ్చీ, నీది కూడా ఇచ్చెయ్. వచ్చే నెల ఎన్నికలు. కార్డుంటే వెళ్ళి ఓటేసేస్తావు."

"వేస్తాను. వెయ్యనా మరి? తెల్లదొరలు ఉన్నప్పుడే వేశాన్రా నేను! ఒక్కొక్కడికి ఒక్కో రంగు డబ్బా ఉండేది. నేను పచ్చ డబ్బాలో వేశాను. మీ అమ్మ అప్పటికి పుట్టను కూడా లేదు."

సంచివాడు గుడ్డ కింద కిసుక్కున నవ్వాడు. ఆ నవ్వు విని నాకు ఏడుపొచ్చింది. అది గడ్డాలు మొలవని పిల్లాడి నవ్వు. నేను పరుగున లోపలికెళ్ళి బీరువాలోంచి మూడు కార్డులూ తెచ్చి సంచిలో వేశాను. అప్పటికే అందులో సగం ఊరి ఫోటోలు కలగలిసి పడున్నాయి. పైనున్న కార్డు మా ఎదురింటి పొడినోనక్కది.

వాళ్ళు వెళ్ళిపోతారనుకున్నాను. నోటుబుక్కువాడు కదల్లేదు.

"మహత్తయా," అన్నాడు మా ఆయనతో, ఆఫీసులో పని పడినవాడు పిలిచినంత మర్యాదగా. "ఎన్నికలయ్యేదాకా మీ చేతి మీదుగా ఒక్క కాగితం కూడా బయటికి పోకూడదు. సీలు ఇలా ఇవ్వండి."

మా ఆయన ఈ ఊరి గ్రామసేవకుడు. ఫలానా మనిషి మా గలహేన ఊరివాడే, నాకు తెలిసినవాడే అని రాసి, ఫోటో అంటించి సీలు వేసి ఇచ్చేది ఆయనే. కార్డు పోయినవాడికి ఆ కాగితమే కార్డు. ఆ సంగతి ఈ కుర్రాళ్ళకి బాగా తెలుసు.

ఆయన నోరు తెరిచారు. ఆయనకి అబద్ధం చెప్పడం రాదు. చెప్పాలనుకున్నప్పుడే చెవులు ఎర్రబడిపోతాయి. ఇంకో క్షణం ఆగితే బీరువా వైపు చూస్తారని నాకు తెలుసు. అందుకని నేనే ముందుకొచ్చాను.

"సీలు కచేరీలో ఉంది. ఎన్నికల పని ఉందని పోయిన శుక్రవారమే తెప్పించుకున్నారు."

"కచేరీలోనా?" అంది అత్తగారు వెనకనుంచి.

"అవునత్తయ్యా. మీరే కదా పొట్లం కట్టి ఇచ్చారు?"

ఆవిడ నా ముఖం కేసి చూసింది. డెబ్బై ఎనిమిదేళ్ళు ఊరికే రాలేదు ఆవిడకి. "ఆ, కట్టాను కట్టాను," అంది. "మతిమరుపు దిగబడింది నా మొహానికి."

నోటుబుక్కువాడు ఏదో రాసుకున్నాడు. "కచేరీలో ఉంటే మంచిదే అక్కా," అన్నాడు. "కానీ ఈ ఊరి సీలుతో ఎక్కడైనా ఒక్క కాగితం కనపడిందనుకో, సీలు ఇంట్లోనే ఉన్నట్టు. అప్పుడు మళ్ళీ వస్తాం."

అక్కా అని ఎంత మెత్తగా అన్నాడో! వాళ్ళు అరటిచెట్ల మధ్యనుంచి వెళ్ళిపోయేదాకా నేను గరిటె పట్టుకుని అలాగే నిలబడ్డాను. కూర మాడి బొగ్గయింది.

"ఎందుకొచ్చిన అబద్ధం సోమా?" అన్నారు మా ఆయన. "ఇచ్చేస్తే పోయేదిగా."

"ఇచ్చేసి? రేపు కచేరీలో ఏం చెబుతారు? సర్కారు సీలు తీసుకెళ్ళి వాళ్ళ చేతిలో పెట్టానని చెబుతారా? సైన్యం మిమ్మల్ని వదులుతుందా?"

ఆయన వెళ్ళి పెరటి తలుపు గడియ వేసి వచ్చారు. ఆ ఏడు మా పరిస్థితి అది. ఒకవైపు ఎన్నికలు జరగనివ్వమని అడవిలో తిరిగే ఈ కుర్రాళ్ళు, ఇంకోవైపు సైన్యం. ఎవరికి దణ్ణం పెట్టినా రెండోవాళ్ళు చెయ్యి నరికేవాళ్ళు.

మర్నాటి నుంచి ఆ అబద్ధాన్ని కాపాడుకోవడమే నా పని అయిపోయింది. సీలుని గుడ్డలో చుట్టి ఎండుమిరపకాయల డబ్బాలో పెట్టాను. రెండురోజులకి అక్కడ నమ్మకం కుదరక పొయ్యి వెనక గూట్లోకి మార్చాను. కుక్క మొరిగితే చాలు వెళ్ళి గూడు తడిమి చూసుకునేదాన్ని. ఊళ్ళో వాళ్ళు ఒక్కొక్కరే వచ్చి కాగితం అడిగేవాళ్ళు. ఒకామె బిడ్డని పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాలంది. ఒకాయన పింఛను తెచ్చుకోవాలన్నాడు. అందరికీ అదే జవాబు. పిల్లాడికి ఎక్కాలు నేర్పినట్టు మా ఆయనకి నేర్పాను. "సీలు కచేరీలో ఉంది" అని ఆయన అనడం, చెవులు ఎర్రబడటం, నేను వెంటనే టీ తెస్తానని లేచి మాట మార్చడం, ఇదే తంతు.

ఆ నెలలో ఏదీ మామూలుగా లేదు. పాలకేంద్రం గోడ మీద చీటీలు అంటించేవాళ్ళు. బొంబాయి ఉల్లిపాయలు అమ్మకూడదు, అవి సముద్రం అవతలి ఇండియా సరుకు. దుకాణాలు ఫలానా రోజు మూసెయ్యాలి. ముందుగా ఓటేసే అయిదుగురూ ఇంటికి తిరిగి రారు. చీటీల్లో అక్షరాలు మాత్రం ముత్యాల్లా ఉండేవి, మా బడిలో చదువుకున్నవాళ్ళే కదా. నిల్వల ఏటి మీది వంతెన దగ్గర సైన్యం ప్రతి బస్సునీ ఆపేది. కార్డు లేని కుర్రాడు కనిపిస్తే అడవిలోంచి వచ్చినవాడే అని దించేసేది. కార్డులు లాక్కుపోయింది అడవిలోవాళ్ళేనని వాళ్ళకి తెలియదా? తెలుసు. తెలిసినా అంతే.

పక్క ఊళ్ళో తపాలా ఆయన ఓటరు చీటీలు పంచాడు. మా ఆయనకి చిన్ననాటి స్నేహితుడు. ఆయన్ని చంపేసి, శవపేటికని మోకాళ్ళకంటే పైకి ఎత్తకూడదని చీటీ పెట్టారు. వంగి, ఆ పెట్టెని దూడని లాక్కెళ్ళినట్టు నేలబారుగా మోసుకెళ్ళారట. మేం వెళ్ళలేదు. నేనే వెళ్ళనివ్వలేదు. మా ఆయన ఆ రోజు అన్నం ముందు కూర్చుని లేచిపోయారు. నాకు మాత్రం ఆకలి వేసింది, తిన్నాను. మనం బతికే ఉన్నామని అనుకుంటూ తిన్నాను.

ఎదురింటి పొడినోనక్కకి ఒక్కడే కొడుకు, సునిమల్. గాల్లె పట్నంలో ఒక బేకరీలో రొట్టెలు కాల్చేవాడు. తండ్రి పోయిన ఏడాదికి భిక్షువులకి దానం ఇవ్వాలని ఇంటికొచ్చాడు, వచ్చినవాడు ఇక్కడే ఇరుక్కుపోయాడు. అతని కార్డు కూడా ఆ గోనెసంచిలోకే వెళ్ళింది. గొడవల్లో బేకరీ ఎలాగూ మూతపడింది కనక తొందరేమీ లేదు, అతనుంటే అందరికీ సరదాగా ఉండేది. ఇంటి వెనక మట్టితో పొయ్యి కట్టి, దొరికిన పిండితో మొసలి ఆకారం బన్నులు కాల్చి వీధంతా పంచేవాడు.

"ఆచ్చీ, నువ్వు ఓటేస్తే వేలు కోస్తారట," అనేవాడు మా అత్తగారితో. "ఇంక సున్నం దేంతో రాసుకుంటావు?"

"నీ ముక్కుతో రాసుకుంటాన్రా. ఆ పొడుగు ముక్కు దేనికి పనికొస్తుంది?"

"మొసలికి పళ్ళు పెట్టాను చూశావా? నీకు లేవు కదా అని."

ఆవిడ చేతికర్ర విసిరేది, తగలకుండా. ఆ నెలలో మా ఇంట్లో నవ్వు వినపడిందంటే ఆ కుర్రాడు వచ్చినట్టు.

డిసెంబరు మొదటి ఆదివారం. మా ఆయన మాతరలో ఎన్నికల మీటింగుకి వెళ్ళారు. ఆ పొద్దున్నే నేను సీలుని, దాని ఇంకు ప్యాడ్‌నీ గూట్లోంచి తీసి బియ్యం పెట్టె అడుగున పెట్టాను. అప్పుడే పొయ్యిలో కట్టెలు ఎగదోస్తుంటే పొడినోనక్క వచ్చింది. ఎప్పుడూ పెరటి దారిన వచ్చే మనిషి, ఆ రోజు ముందు గుమ్మంలోంచి వచ్చింది. ఉతికిన తెల్ల రవిక వేసుకుంది. రెండు చేతుల్లో తమలపాకుల కట్ట పట్టుకుంది.

నాకు అర్థమైపోయింది. మా దగ్గర పెద్దపని అడగటానికి ఒట్టి చేతులతో రారు. ఆకుల కట్ట రెండు చేతులతో ఇస్తారు. అది పుచ్చుకున్నామంటే మాట ఇచ్చినట్టే. ఎదురింటి మనిషి నాకు ఆకులు తేవడమేమిటి! సిగ్గేసింది, భయమేసింది.

"మహత్తయ లేరా?" అంది.

"మీటింగుకి వెళ్ళారక్కా. కూర్చో."

కూర్చోలేదు. "బేకరీ ముదలాలి కబురు పంపాడమ్మా. సోమవారం తెరుస్తారట. రాకపోతే వేరేవాణ్ణి పెట్టుకుంటాడట. వీడు వెళ్తానని ఒకటే గోల. కాగితం లేకుండా వంతెన ఎలా దాటతాడు చెప్పు? నువ్వు మహత్తయతో ఒక్క మాట చెప్పి..."

ఆకుల కట్ట నా ముందుకి చాపింది.

చెయ్యి చాపబోయాను. అలవాటు కదా, పెద్దావిడ ఇస్తుంటే చెయ్యి దానంతటదే వెళ్తుంది. అప్పుడే నోటుబుక్కువాడి మాట చెవిలో వినపడింది. ఒక్క కాగితం కనపడిందనుకో. చెయ్యి వెనక్కి లాక్కుని చీరకొంగులో దాచుకున్నాను.

"సీలు కచేరీలో ఉందక్కా."

"ఆహా," అంది పొడినోనక్క.

"ఎన్నికలయ్యాక వస్తుంది. అప్పుడు మొట్టమొదటి కాగితం సునిమల్‌కే. రెండు వారాలే కదా, ఆగమను. పని పోతే ఇంకోటి దొరుకుతుంది. బేకరీలకేం తక్కువ?"

నేను గబగబా మాట్లాడుతూనే ఉన్నాను. లోపల్నుంచి అత్తగారు వచ్చి ఆకులు చూసి, "లేతాకులే, ఇలా తే పొడీ," అని చెయ్యి చాపింది.

"వద్దత్తయ్యా!" అని అరిచాను. అంత గట్టిగా అరుస్తానని నేనే అనుకోలేదు. అత్తగారు బిత్తరపోయి చెయ్యి దించేసింది.

"సరేలేమ్మా," అంది పొడినోనక్క. ఆకుల కట్టని గుండెకి ఆనించుకుని, వచ్చిన దారినే, ముందు గుమ్మంలోంచే వెళ్ళింది.

సాయంత్రం మా ఆయన వచ్చారు. ఆవిడ వచ్చిందని నేను చెప్పలేదు. చెబితే రాసిచ్చేస్తారు. మెత్తటి మనిషి, పైగా ఆ కుర్రాడంటే ప్రాణం. అత్తగారు కూడా చెప్పలేదు. ఆవిడ ఆ రోజు నాతో మాట్లాడనేలేదు.

సోమవారం పది గంటలవేళ నూతి దగ్గర బట్టలు ఉతుకుతున్నాను. పొద్దున బస్సులో వెళ్ళిన చేపలామె గంప నెత్తిన పెట్టుకుని నడిచి తిరిగొస్తోంది. బస్సుని వంతెన దగ్గరే ఆపేశారట.

"సునిమల్‌ని దించేశారు," అంది. "వాడు బన్నుల సంచి చూపించి నేను రొట్టెలవాణ్ణి అని చెబుతూనే ఉన్నాడు."

నేను చేతిలో ఉన్న చొక్కా పిండి, దులిపి, తీగ మీద ఆరేశాను. ఇంకో చొక్కా తీసి అదీ పిండాను. అలా నాలుగు బట్టలు ఆరేశాను.

మధ్యాహ్నం మా ఆయన అన్నం తింటుండగా పొడినోనక్క వచ్చింది. వంతెన దాకా పరిగెత్తుకెళ్ళి వచ్చింది. కాళ్ళకి మోకాళ్ళదాకా దుమ్ము. ఈసారి చేతుల్లో ఆకులు లేవు.

"మహత్తయా, వాణ్ణి వరి గిడ్డంగి శిబిరంలో పెట్టారు. ఆఫీసరు కనపడ్డాడు. మీ గ్రామసేవకుడి కాగితం తీసుకురా, చూద్దాం అన్నాడు." ఒగర్చుకుంది. "సీలు కచేరీలో ఉందని అమ్మాయి నిన్న చెప్పింది. ఇప్పుడు సైకిలు మీద మాతర వెళ్ళి తేగలరా? వెళ్ళగలరా మీరు?"

మా ఆయన కలిపిన ముద్ద అలాగే పట్టుకుని ఆగిపోయారు. నా వైపు తిరిగారు.

"నిన్న వచ్చిందా?"

"వచ్చింది," అన్నాను.

ఆయన ముద్ద కంచంలో పెట్టేసి, చెయ్యి కడుక్కుని, ఆ తడిచేతులతోనే నా ముందు నిలబడ్డారు. "ఎక్కడ పెట్టావు?"

"ఏవండీ, వాళ్ళు మళ్ళీ వస్తామన్నారు. మిమ్మల్ని... నా మాట వినండి. మీకు దణ్ణం పెడతాను."

"సోమా, ఎక్కడ పెట్టావు?"

కోపం లేదు ఆ గొంతులో. కోప్పడితే నేను కూడా అరిచేదాన్ని, ఏడ్చేదాన్ని, గుమ్మానికి అడ్డంగా పడుకునేదాన్ని. ఆ గొంతుకి ఏం చెయ్యాలో తోచలేదు. వెళ్ళి బియ్యం పెట్టెలో మోచేయి దాకా చెయ్యి పెట్టి తీశాను. గింజలు నేలంతా చెదిరాయి. పొడినోనక్క చూస్తూనే ఉంది. నేను ఆవిడ వైపు తల తిప్పలేదు.

ఆయన అక్కడే, ఎంగిలి కంచం పక్కన కూర్చుని రాశారు. ఎప్పటిలాగే తీరిగ్గా, గీత వంకరపోకుండా. సీలు రెండుసార్లు వేశారు. తరవాత పొడినోనక్కని సైకిలు వెనక కూర్చోబెట్టుకుని, పట్టపగలు, ఊరి నడివీధిలోంచి వెళ్ళారు. కిటికీలన్నీ ఒక్క బెత్తెడు తెరుచుకున్నాయి. ఎవరూ బయటికి రాలేదు. మా గ్రామసేవకుడు సైన్యం దగ్గరికి వెళ్తున్నాడని చీకటి పడేలోగా అడవికి తెలుస్తుంది. నేను వసారా స్తంభం పట్టుకుని నిలబడ్డాను. అత్తగారు నా పక్కనే నిలబడి, వచ్చినన్ని ప్రార్థనా సూత్రాలు పైకే చదువుతోంది. మధ్యలో మర్చిపోయి మళ్ళీ మొదటికి వస్తోంది.

కర్ఫ్యూకి పావుగంట ముందు తిరిగొచ్చారు. ఆయన సైకిలు నడిపించుకుంటూ, పొడినోనక్క పది అడుగులు వెనగ్గా. ఆవిడ తిన్నగా తన ఇంట్లోకి వెళ్ళిపోయింది.

"అలాంటి మనిషిని మేం దించనేలేదన్నారు," అన్నారు మా ఆయన. "పొద్దున కాగితం అడిగిన ఆఫీసరే. రెండు గంటలకల్లా ఆ పేరే విననట్టు చూశాడు."

జేబులోంచి కాగితం తీసి బల్ల మీద పెట్టారు. నాలుగు మడతలు పెట్టి తిరిగిచ్చేశారట.

ఆ రోజు నుంచి నోటుబుక్కువాడి కోసం ఎదురుచూశాను. సీలు ఇంట్లోనే ఉందని ఊరికంతటికీ తెలిసిపోయింది. ఆయన్ని మా అన్నయ్యగారి ఊరు పంపేద్దామనుకున్నాను, వెళ్ళనన్నారు. పట్టెమంచం కింద కత్తి పెట్టుకున్నాను. ఆ కత్తితో నేను కొబ్బరికాయ తప్ప ఏదీ కొట్టి ఎరగను. అరటాకు కదిలితే వాళ్ళే, కుక్క మొరిగితే వాళ్ళే. వాళ్ళు మాత్రం రాలేదు.

ఎన్నికల రోజు పొద్దున్నే అత్తగారు స్నానం చేసి, తెల్లచీర కట్టుకుని, తల దువ్వుకుని వసారాలోకి వచ్చింది.

"ఎక్కడికి?" అన్నాను.

"ఎక్కడికేంటి? బడికి. ఓటెయ్యాలి."

"కార్డు లేదు, చీటీ లేదు. ముందు వెళ్ళిన అయిదుగుర్ని చంపుతామన్నారు. బుద్ధుందా మీకు?"

"నేను ఆరోదాన్నవుతాను. ఎవడో అయిదుగురు వెళ్ళేదాకా గేటు దగ్గర నిలబడతాను."

నేను గేటుకి తాళం వేసి తాళంచెవి రవికలో దోపుకున్నాను. ఆవిడ తిట్టింది. ఇరవై ఒక్క ఏళ్ళప్పుడు ఎద్దుబండిలో వెళ్ళి తెల్లదొర ముందు ఓటేసి వచ్చానని, ఎవడూ ఏమీ అనలేదని, ఇప్పుడు మనవాళ్ళ రాజ్యంలో కోడలు ఇంట్లో పెట్టి తాళం వేసిందని వీధి వినేలా అరిచింది. తరవాత కుర్చీలో కూర్చుంది. నాలుగు గంటలకి బడిలో ఓటింగు ముగిసేదాకా ఆ చీరలోనే కూర్చుని, అప్పుడు లేచి లోపలికెళ్ళి విప్పేసింది. మా ఊళ్ళో ఆరువందల పైచిలుకు ఓట్లుంటే పదకొండు పడ్డాయట. ఎవరు వేశారో ఈనాటికీ ఎవరూ చెప్పరు.

జనవరి వెళ్ళింది. నోటుబుక్కువాడు రాలేదు. ఎందుకు రాలేదో తెలియదు. వాడే చచ్చిపోయాడో, మర్చిపోయాడో, సునిమల్ కోసమే అని తెలిసి వదిలేశాడో. ఊరు ఊరంతా చూస్తుండగా సీలు వేసిన కాగితం పట్టుకెళ్ళినా మమ్మల్ని ఎవరూ ఏమీ చెయ్యలేదు. ఆ మాటే పదే పదే తలుచుకునేదాన్ని. ఆదివారం ఇచ్చుంటే కూడా ఏమీ అయ్యేది కాదేమో! ఒక్కోసారి వాళ్ళు వస్తే బాగుండుననిపించేది. వచ్చి, నేను భయపడ్డది నిజమేనని తేల్చేస్తే బాగుండును.

మా ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. పెట్టింది తినేవారు, అడిగినదానికి జవాబు చెప్పేవారు. అంతకుముందు రోజూ ఆఫీసు నుంచి రాగానే ఎవరెవరు ఏమన్నారో నాకు పూసగుచ్చినట్టు చెప్పేవారు. అది ఆగిపోయింది. సీలు మాత్రం బీరువాలో పెట్టడం మానేసి తన చొక్కా జేబులోనే ఉంచుకోవడం మొదలుపెట్టారు.

పొడినోనక్క కూడా ఏమీ అనలేదు. మాతరలో, గాల్లెలో, ఎక్కడెక్కడ శిబిరాలున్నాయో అన్నిటికీ ఆ నాలుగు మడతల కాగితం పట్టుకుని తిరిగింది. ఎదురుపడితే "తిన్నావా అమ్మా" అనేది. నాకు నోటుబుక్కువాడి భయం పోయి ఆవిడ భయం పట్టుకుంది. ఎప్పుడు అడుగుతుందో, ఏమని అడుగుతుందో అని. ఆవిడ నూతికి వెళ్ళే వేళ చూసుకుని నేను వేరే వేళకి వెళ్ళేదాన్ని.

జూన్‌లో ఓటర్ల జాబితా రాసే పని వచ్చింది. ఏటేటా ఇంటింటికీ తిరిగి ఎవరున్నారో ఎవరు లేరో రాయాలి. ఊళ్ళో చావులు అప్పటికి ఇంకా పెరిగాయి. ఏ ఇంటికి వెళ్ళినా ఒక పేరు దగ్గర ఆగిపోవాల్సి వస్తోంది. మా ఆయన వీధి అటు చివరి నుంచి మొదలుపెట్టి అన్ని ఇళ్ళూ ముగించుకొచ్చారు. ఎదురిల్లు ఒక్కటే మిగిలింది. రెండు రోజులు ఆ పుస్తకం బల్ల మీదే ఉంది.

"నువ్వెళ్ళు," అన్నారు మూడోనాడు. ఆరునెలల్లో ఆయన నన్ను అడిగిన మొదటి పని అది.

పొడినోనక్క గుమ్మంలో కూర్చుని కొబ్బరి ఈనెలు గీస్తోంది. పక్కకి జరిగి చోటిచ్చింది. పుస్తకం తెరిచి ఆవిడ పేరు రాశాను. ఆపైన చెయ్యి ఆడలేదు.

"అక్కా," అన్నాను. "ఆ ఆదివారం సీలు ఇంట్లోనే ఉంది."

ఆవిడ ఈనె గీస్తూనే ఉంది. "తెలుసు."

"సోమవారం బియ్యం పెట్టెలోంచి తీసినప్పుడు..."

"కాదు, ఆదివారమే తెలుసు. ఆకులు అందుకోవడానికి చెయ్యి చాపావు కదా. నీ వేళ్ళకి ఊదా ఇంకు అంటుకుని ఉంది."

"మరి ఎందుకు ఊరుకున్నావు? అరిచుండాల్సింది! నా జుట్టు పట్టుకుని అడగాల్సింది!"

"నీ మొహంలో నెత్తురుచుక్క లేదు. నిలబడలేక గోడకి ఆనుకున్నావు. ఇంత భయపడుతోంది, ఇప్పుడొద్దులే, రెండురోజులాగి మళ్ళీ వద్దాం అనుకున్నాను." ఈనెని కట్టలో పెట్టి ఇంకోటి తీసింది. "వాడు ఆగుతాడనుకున్నాను. తెల్లారేసరికి నాకు చెప్పకుండానే బస్సెక్కేశాడు."

నేను ఏడ్చాను. ఆవిడ ఏడవలేదు, నన్ను ఊరడించనూలేదు. ఏడవడం అయ్యేదాకా ఆగింది. అయ్యాక పుస్తకం వైపు గడ్డంతో చూపించింది.

"వాడి పేరు రాయి."

ఆరునెలలుగా ఊళ్ళో లేనివాళ్ళ పేర్లు రాయకూడదు. మా ఆయన ఈ ఇంటికి ఎందుకు రాలేకపోయారో అప్పుడు తెలిసింది నాకు. పేరు రాశాను. పక్క గడిలో వయసు రాయాలి. పోయినేటి జాబితా చూసి ఇరవై రెండు అని వేశాను.

పొడినోనక్కకి చదువు రాదు, అంకెలు మాత్రం తెలుసు. వంగి చూసింది.

"ఇరవై మూడు," అంది. "పోయిన నెల వెసక్‌తో నిండాయి."